జున్నుకి పాలు పడటం లేదు

ప్రశ్న: మాది విజయవాడ, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. మా వీధిలో పిల్లల్ని పెట్టిన కుక్క పది రోజుల క్రితం లారీ కింద పడి చచ్చిపోయింది. ఐదు పిల్లల్లో మూడింటిని ఎవరెవరో తీసుకెళ్లారు, ఒకటి ఏమైందో తెలియదు, మిగిలినదాన్ని మా బాబు (పదేళ్లు) నాలుగు రోజుల క్రితం ఇంటికి తెచ్చేశాడు. దానికి 40 రోజులు ఉంటాయేమో. లేత పసుపు రంగులో ఉందని జున్ను అని పేరు పెట్టాం. పాలు, మారీ బిస్కెట్లు, పెరుగన్నం పెడుతున్నాం. పొట్ట కుండలా ఉంది, విరేచనాలు పలచగా అవుతున్నాయి, కానీ హుషారుగానే తిరుగుతోంది. రాత్రంతా ఒకటే ఏడుపు. మా అత్తగారు బాల్కనీలో కట్టేయమంటున్నారు. నిన్న ఆడుతూ బాబు చేతిని పంటితో గీరింది, కొంచెం రక్తం కూడా వచ్చింది. మూడు నెలలు నిండేదాకా ఇంజెక్షన్లు వేయించకూడదని పక్క ఫ్లాట్ ఆయన అంటున్నారు, నిజమేనా? బాబేమో రోజూ పార్కుకి తీసుకెళ్తానంటాడు. నాకు కుక్కల్ని పెంచిన అలవాటు లేదు, అంతా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీరు జున్ను గురించి అడిగారు గానీ, నేను ముందు మీ బాబు చేతి గురించి చెప్తాను. దెబ్బ తగిలిన చోటుని ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగండి. 15 నిమిషాలంటే గడియారం చూసి 15 నిమిషాలు. నిన్నే కడిగాం అంటారేమో, అయినా ఇంకోసారి కడిగి ఈరోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. కుక్క కాటు టీకా అక్కడ ఉచితంగా వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వెళ్లాలి. రక్తం వచ్చిందని తప్పకుండా చెప్పండి, ఎందుకంటే రక్తం వస్తే గాయం దగ్గరే వేసే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పని మొదలుపెట్టేలోపు కాపాడే మందు) కూడా కావాల్సి ఉంటుంది, గీతే కదా అని మీరే తేల్చేస్తే అది తప్పిపోతుంది. ఇంత బుజ్జిదానికి రేబిస్ ఏంటండీ అని మీ పక్కింటాయన నవ్వొచ్చు. నవ్వనివ్వండి. ఇంత చిన్న కుక్క పిల్లలకీ రేబిస్ వస్తుంది, దాని తల్లికి టీకా ఉందో లేదో మనకి తెలియదు, వీధిలో ఉన్న రోజుల్లో దీన్ని ఏ కుక్క కరిచిందో అదీ తెలియదు. జున్నుకి రేబిస్ ఉందని నేననడం లేదు, లేకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. కానీ లక్షణాలు మొదలయ్యాక మనిషిని దాదాపు ఎవరూ కాపాడలేని జబ్బు అది, దాని విషయంలో చూద్దాంలే అనకూడదు. టీకా మొదలుపెట్టేసి, 10 రోజులు జున్నుని గమనిస్తూ ఉండండి, అది ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెప్తారు.

ఇక జున్ను. కుండలాంటి పొట్ట, పలచని విరేచనాలు అని మీరు రాసింది చదవగానే నాకు తట్టినవి రెండు: నట్టలు, పాలు.

వీధిలో పుట్టిన పిల్ల కడుపులో నట్టలు లేకపోతేనే ఆశ్చర్యం. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకి చేరతాయి, పాల ద్వారా కూడా వస్తాయి, కాబట్టి మీరు ఎంత శుభ్రంగా పెంచినా పుట్టుకతో వచ్చినవి అక్కడే ఉంటాయి. కొన్నిసార్లు విరేచనంలో తెల్లగా, ఉడికిన సేమ్యాలాగా కనిపిస్తాయి. తిన్నదంతా అవి లాక్కుంటాయి, పొట్ట మాత్రం ఉబ్బి వీపు ఎముకలు చేతికి తగులుతుంటాయి, ఇంట్లోవాళ్లేమో 'బాగా తింటోంది, బొద్దుగా ఉంది' అని మురిసిపోతుంటారు. నట్టల మందు బరువుని బట్టి ఇవ్వాలి. మెడికల్ షాపులో పిల్లల సిరప్ కొని కంటి అంచనాతో పోసేయకండి. మామూలుగా 3 నెలల వయసు వచ్చేదాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత 6 నెలల దాకా నెలకోసారి వేస్తాం. ఒక్కసారి వేశాం కదా, అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. మొదటి డోసుకి పేగుల్లో ఉన్నవి పోతాయి, ఒంట్లో ఇంకా తిరుగుతున్న పిల్ల పురుగులు తర్వాత పేగుల్లోకి వచ్చి పెరుగుతాయి, అందుకే మళ్లీ మళ్లీ. ఇవి మనుషులకి, ముఖ్యంగా చిన్నపిల్లలకి కూడా అంటుతాయి. బాబు దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోకూడదు. మలాన్ని ఎప్పటికప్పుడు కాగితంతో తీసేయాలి.

పాల సంగతి. పేరు జున్ను అయినంత మాత్రాన అది పాల మీద బతకాలని లేదు! తల్లి పాలు మానే వయసుకి వచ్చేసరికి పాలలోని చక్కెరని అరిగించుకునే శక్తి కుక్క పిల్లలకి తగ్గిపోతూ ఉంటుంది, పైగా ఆవు పాలు, గేదె పాలు వాటి తల్లి పాలలాంటివి కావు. అరగని పాలు నీళ్ల విరేచనాలుగా బయటికొస్తాయి. పాలు ఈ పూట నుంచే మానేయండి. మారీ బిస్కెట్టు మైదా, చక్కెర, అంతకుమించి దానికి ఒరిగేదేం లేదు. పెరుగన్నం తప్పు కాదు గానీ అది ఒక్కటే పెడితే పెరిగే ఒంటికి మాంసకృత్తులు సరిపోవు. ఊళ్లలో కుక్కలు పెరుగన్నం తినే బతికాయి కదా అంటారు చాలామంది. అవి పెరుగన్నంతో పాటు వీధంతా తిరిగి ఏమేం తినేవో మనం చూడలేదు, ఎన్ని పిల్లలు పెరక్కుండానే పోయాయో లెక్కా పెట్టలేదు.

ఏం పెట్టాలంటే, కుక్క పిల్లల కోసమే చేసిన ఫుడ్డు (ప్యాకెట్ మీద పప్పీ అని ఉండాలి, పెద్ద కుక్కలది వద్దు) గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా చేసి, రోజుకి నాలుగు సార్లు కొంచెం కొంచెంగా. ఖర్చు ఎక్కువ అనిపిస్తే రెండు పూటలు అది, రెండు పూటలు ఇంటి తిండి: మెత్తని అన్నంలో ఉడికించిన గుడ్డు గానీ, ఎముకల్లేని చికెన్ సన్నగా చిదిమి గానీ, కాస్త ఉడికిన గుమ్మడి ముక్క. ఉప్పు, కారం, మసాలా ఏమీ వద్దు. పూర్తిగా ఇంటి తిండే పెడితే కాల్షియం తక్కువవుతుంది, అప్పుడు ఏ మందు ఎంత కలపాలో బరువు చూసి డాక్టరే చెప్పాలి. ఎందుకంటే కాల్షియం ఎక్కువైనా ఎముకలకి చేటే. 3 నెలలు దాటాక మూడు పూటలు, 6 నెలలు దాటాక రెండు పూటలు చాలు. ఇప్పుడు మాత్రం ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకండి, పడుకునే ముందు పది గంటలకి చివరి ముద్ద పెట్టండి. ఇంత చిన్న పిల్లలకి ఆకలితో ఒంట్లో చక్కెర పడిపోయి గుడ్డపేలికలా వాలిపోతాయి. అలా ఎప్పుడైనా జరిగితే చిగుళ్ల మీద కాస్త తేనె రాసి, ఇంకేం ఆలోచించకుండా ఆసుపత్రికి బయల్దేరడమే.

మన వంటింట్లో దానికి విషం అయ్యేవి చాలానే ఉన్నాయి. చాక్లెట్ సంగతి అందరికీ తెలుసు. ఉల్లి, వెల్లుల్లి కూడా రక్తాన్ని దెబ్బతీస్తాయి, అంటే సాంబారన్నం, కూర కలిపిన అన్నం వద్దు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కిడ్నీల్ని పాడుచేస్తాయి. పాయసంలో, లడ్డూలో అవి ఉంటాయని మర్చిపోతుంటాం. చింతపండు గురించి మనవాళ్లకి తెలిసింది తక్కువ. ద్రాక్షలో కుక్కలకి పడనిది టార్టారిక్ ఆమ్లమేనని ఈమధ్య వెటర్నరీవాళ్లు గట్టిగా అనుమానిస్తున్నారు, ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. కాబట్టి ప్రసాదమే కదా అని పులిహోర ముద్ద పెట్టకండి. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. జ్వరంగా ఉందని పారాసిటమాల్ కూడా వేయకండి, మనుషుల మాత్ర ఏదీ వద్దు.

ఇప్పుడు మీ పక్కింటాయన మాట. ఆయన పూర్తిగా తప్పు చెప్పలేదు, రెండు టీకాల్ని ఒకటి చేసేశారు. 3 నెలలు నిండాక వేసేది రేబిస్ టీకా. దానికంటే ముందే, 6 నుంచి 8 వారాల వయసులో మొదలవ్వాల్సింది ఇంకోటి ఉంది, పార్వో (రక్త విరేచనాలతో కుక్క పిల్లల్ని చంపే వైరస్ జబ్బు), డిస్టెంపర్ లాంటి జబ్బులన్నిటికీ కలిపి వేసేది, క్లినిక్కుల్లో సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అంటారు. జున్ను ఇప్పుడు సరిగ్గా ఆ వయసుకే వస్తోంది. నట్టల మందు వేసి, విరేచనాలు కట్టాక మొదటిది వేయించండి. తర్వాత 3, 4 వారాలకోసారి, చివరిది 16 వారాలు అంటే దాదాపు 4 నెలలు నిండాక పడేలాగా. ఇన్నిసార్లు ఎందుకు, డాక్టర్లు డబ్బుల కోసం పొడిగిస్తారు అనే మాట నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. అసలు కారణం ఏమిటంటే, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది, అది ఉన్నంతకాలం మనం వేసిన టీకాని కూడా అది పని చేయనివ్వదు. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వారంలో తగ్గిపోతుంది, జున్నుకి ఎప్పుడు తగ్గుతుందో చూసి చెప్పలేం. అందుకని 4 నెలల దాకా వేసుకుంటూ వెళ్తే ఏదో ఒక డోసు దాదాపు తప్పకుండా పట్టుకుంటుంది. ఈ టీకాలో ఎలకల మూత్రం వల్ల వచ్చే లెప్టో అనే జబ్బుకి మందు కూడా కలిసి ఉందో లేదో అడగండి. వానలొస్తే మీ ఊళ్లో నీళ్లు నిలవడం మీకు నేను చెప్పాలా.

పార్వో గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నాకు ఒక బాకీ ఉంది. ఇంటర్ చదువుతున్నప్పుడు మా ఇంట్లో ఒక నల్ల పిల్ల ఉండేది. మొదటి ఇంజెక్షన్ వేయించాం. రెండోదానికి రమ్మన్న రోజుకి మా మేనమామ కూతురి పెళ్లి పడింది, అందరం ఊరెళ్లిపోయాం, వచ్చాక వెళ్దాంలే అనుకున్నాం, వచ్చాక నాకు పరీక్షలు. మూడు వారాలు గడిచిపోయాయి. ఒకరోజు పొద్దున్న గిన్నె దగ్గరికి రాలేదు. ఎండకి అనుకున్నాం. మధ్యాహ్నం నురగలాగా వాంతి చేసుకుంది. నిమ్మరసం పట్టాం! రాత్రికి రక్త విరేచనాలు, ఆ వాసన ఇప్పటికీ క్లినిక్కులో తలుపు తీయగానే గుర్తుపడతాను. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఎవర్నీ అనడానికి లేదు, తేదీ మర్చిపోయింది మేమే.

ఆ పార్వో వైరస్ 1978 ప్రాంతంలో బయటపడి, రెండేళ్లలోపే ప్రపంచమంతా పాకిపోయింది. జబ్బు కుక్క మలంలో కోట్లకొద్దీ ఉంటుంది, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మీ చెప్పులకి అంటుకుని మూడో అంతస్తుకి రాగలదు. శానిటైజర్‌కి చావదు. నీళ్లలో కలిపిన బ్లీచింగ్‌కి చస్తుంది: ఇళ్లలో వాడే ద్రవం బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్లు, నేల ముందు మామూలుగా కడిగేసి, ఆ నీళ్లు పోసి 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి, ఆరేదాకా పిల్లని అటు రానివ్వకూడదు. చెప్పులు గుమ్మం బయటే. జున్ను తోబుట్టువు ఒకటి ఏమైందో తెలియదన్నారు, వీలైతే వీధిలో వాకబు చేయండి. అది విరేచనాలతో చనిపోయి ఉంటే ఆ ముక్క డాక్టరుకి ముందే చెప్పాలి. ప్రస్తుతం జున్ను హుషారుగా ఉంది, తింటోంది అన్నారు కాబట్టి నాకు అంత భయం లేదు. కానీ ఒక పూట తినకుండా మూల పడుకున్నా, వాంతి అయినా, విరేచనంలో ఎర్రగా కనబడినా, చిగుళ్లు పాలిపోయినా ఓఆర్ఎస్, నిమ్మరసం, దానిమ్మ తొక్కల కషాయం ఏవీ ప్రయత్నించకుండా గంటలో బయల్దేరండి. సెలైన్ ఎంత తొందరగా ఎక్కితే అంత మంచిది. మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి దగ్గరే ఉంది, ఆ దారి, పని చేసే వేళలు ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. కంగారులో వెతుక్కునే పని ఉండదు.

పార్కు సంగతి కూడా ఇందాకటి దాంతోనే తేలిపోతుంది. టీకాలు పూర్తయ్యేదాకా దాని కాళ్లు బయటి మట్టికి తగలకూడదు, తెలియని కుక్కల దగ్గరికి వెళ్లకూడదు. అలాగని నాలుగు నెలలు నిండేదాకా ఇంట్లో బంధించారనుకోండి, ఇంకో తంటా. 3 వారాల నుంచి సుమారు 14 వారాల లోపు చూసినవన్నీ కుక్కకి జీవితాంతం మామూలు విషయాలు అవుతాయి, ఆ వయసు దాటాక కొత్తగా చూసినవి భయాలు అవుతాయి. హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూసి అరిచే కుక్క, లిఫ్టు ఎక్కనని మొరాయించే కుక్క, మిక్సీ వేస్తే మంచం కింద దూరే కుక్క, వీటిలో చాలావాటికి ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, ఆ వయసులో చూపించలేదు అంతే. కాబట్టి బాబుని పార్కుకి వెళ్లనివ్వండి, జున్ను చేతుల్లో ఉండాలి, కింద దించకూడదు. టవల్లో చుట్టుకుని పార్కు గేటు దగ్గర బెంచీ మీద పది నిమిషాలు కూర్చుంటే చాలు. ఆటోలు, కూరగాయల బండి మైకు, గొడుగులు, కళ్లజోళ్లు, స్కూలు పిల్లలు. ఇంట్లో కుక్కరు విజిల్ వేసినప్పుడల్లా ఒక చికెన్ పలుకు పెట్టండి, వారంలో విజిల్ కోసం ఎదురుచూస్తుంది.

రాత్రి ఏడుపు. నాలుగు రోజుల కిందటి దాకా తోబుట్టువుల మీద పడి పడుకున్న పిల్ల అది, తల్లి కూడా పోయింది. ఏడవక ఏం చేస్తుంది. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, బాల్కనీలో కట్టేస్తే ఏడుపు తగ్గదు, అపార్ట్‌మెంట్ అంతా లేస్తుంది. తాడు మెడకి చుట్టుకునే ప్రమాదం, దోమలు, వాన జల్లు ఇవన్నీ సరే సరి. ఒక అట్టపెట్టెలో పాత చీర పరిచి, గోరువెచ్చని నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, ఆ పెట్టెని మీ మంచం పక్కన పెట్టుకోండి. ఏడిస్తే చెయ్యి వేలాడదీసి తాకండి. వారం, పది రోజులు. ఆ తర్వాత పెట్టెని ఒక్కో అడుగు మీకు కావాల్సిన చోటికి జరుపుకోవచ్చు. ఈ వయసులో గంట, గంటన్నర కంటే మూత్రం ఆపుకోలేదు, కాబట్టి రాత్రి మధ్యలో ఒకటి రెండుసార్లు లేవాల్సిందే. నిద్ర లేవగానే, తినగానే, ఆట అవగానే బాల్కనీలో ఒకే మూల కాగితాల మీదకి తీసుకెళ్లండి, అక్కడ పోస్తే అప్పటికప్పుడే మెచ్చుకోండి. ఇంట్లో పోస్తే మూతిని అందులో రుద్దడం అనే పాత వైద్యం ఒకటి ఉంది, దానివల్ల అది నేర్చుకునేది మీకు కనబడకుండా సోఫా వెనక పోయడం మాత్రమే.

కొరకడం గురించి. చట్టం ప్రకారమైతే 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో వచ్చిన నిబంధనల్లోనే ఉంది, అయినా 35 రోజుల పిల్లల్ని బుట్టలో పెట్టి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా ఉంటేనే పంటి జోరు ఎంతవరకో తెలుస్తుంది, గట్టిగా కొరికితే రెండోది కీచుమని ఆట మానేస్తుంది. జున్నుకి ఆ బడి మధ్యలో ఆగిపోయింది, మీ తప్పేం లేదు, ఇప్పుడు మీరే నేర్పాలి. పన్ను తగలగానే ఆట ఆపేసి, లేచి ఒక నిమిషం అటు తిరిగిపోవాలి. కొట్టొద్దు, మూతి నొక్కొద్దు. చేతులతో ఆడించకుండా బొమ్మతో ఆడించండి. తడిగుడ్డని ముడేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే చిగుళ్లకి హాయిగా ఉంటుంది, నమిలేటప్పుడు పక్కనే ఉండండి. 4 నుంచి 6 నెలల మధ్య ఆ 28 పాల పళ్లు ఊడి 42 పళ్లు వస్తాయి, అప్పుడు మీ చెప్పులు దాచుకోండి.

గోమార్లు, కొందరు పిడుదులంటారు, చెవుల్లో, వేళ్ల సందుల్లో రోజూ వెతకండి. ఇవి పెట్టే జ్వరాలు మన వేడి ఊళ్లలో ఏడాది పొడుగునా ఉంటాయి. పశువులకి కొట్టే మందు నీళ్లలో కలిపి రాసేవాళ్లున్నారు, కిరసనాయిలు రాసేవాళ్లున్నారు, పిల్లలు వణుకుతూ మా దగ్గరికి వస్తాయి. వయసు, బరువు చూసి ఇచ్చే మందులున్నాయి, వాటిలో చాలావరకు 8 వారాలు నిండాకే, ఈలోపు పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగేయండి. స్నానం ఇప్పుడే వద్దు, గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. డెట్టాల్ నీళ్లూ వద్దు, ఒళ్లంతా నాక్కుంటుంది.

రేబిస్ టీకా 3 నెలలకి వేయించి, మళ్లీ ఎప్పుడో కార్డు మీద రాయించుకోండి. జులై 6న, పాశ్చర్ 1885లో మొదటిసారి ఓ పిల్లాడికి రేబిస్ టీకా వేసిన రోజు అది, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకి ఉచితంగా వేస్తుంటారు, కానీ జున్నుకి 3 నెలలు ముందే నిండితే ఆ రోజు కోసం ఆగకండి. తేదీలన్నీ ఇంట్లో క్యాలెండర్ మీద బాబు చేత పెన్నుతో రాయించండి, పెళ్లిళ్లు పరీక్షలు ఏమున్నా ఆ గడి కనబడుతూ ఉంటుంది. రేపు జున్నుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు పొద్దుటి విరేచనం కొంచెం మూత ఉన్న డబ్బాలో పట్టుకెళ్లండి, నట్టల రకం చూసి మందు ఇస్తారు. అక్కడ కూడా నేల మీద దించకండి, జబ్బు కుక్కలన్నీ వచ్చేది అక్కడికే.

మీ అత్తగారు బాల్కనీ అన్నారు గానీ, పెరుగన్నం కలిపి పెడుతున్నది ఎవరో మీరు రాయలేదు. నా అనుభవంలో అది చాలాసార్లు అత్తగారే. ఆవిడని మానమని చెప్పకండి. విరేచనాలు కట్టాక, రోజుకో పూట, ఉప్పు లేకుండా, రెండు చెంచాల పెరుగు, దాంట్లో సగం ఉడికిన గుడ్డు చిదిమి వేయమనండి.